రిటైరయ్యాక సర్పంచ్‌గా పోటీ: ప్రభుత్వ ఉద్యోగం చేసి వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు ప్రభుత్వ కొలువు చేసి ఊరికి చేరిన టీచరు, మండలాఫీసు సూపరింటెండెంటు, హెడ్ కానిస్టేబులు, పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). పంచాయతీ ఎన్నికల మాట వినబడగానే వీళ్ల అరుగు మీదికి ఎవరో ఒకరు వచ్చి "సార్, ఈసారి మీరు నిలబడితే బాగుంటది" అంటారు. ఆ మాట దగ్గర్నుంచి గెలిచిన తర్వాత మొదటి ఏడాది దాకా వచ్చే ప్రశ్నలివి. జవాబులు ముఖ్యంగా తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018ని పట్టి రాసినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం నడుస్తోంది, తేడా ఉన్నచోట చెప్పాం. డిపాజిట్లు, గడువులు ప్రతి ఎన్నికకూ రాష్ట్ర ఎన్నికల సంఘం మళ్లీ ప్రకటిస్తుంది కాబట్టి పాత కాగితం పట్టుకుని వెళ్లొద్దు.

పింఛను తీసుకుంటున్నవాళ్లు పోటీ చేయొచ్చా?

చేయొచ్చు. చట్టం అడ్డుకునేది ఉద్యోగంలో ఉన్నవాళ్లను: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, స్థానిక సంస్థల సిబ్బంది, ప్రభుత్వ నిధులతో నడిచే ఎయిడెడ్ సంస్థల ఉద్యోగులు. పింఛనుదారు వీళ్లలోకి రాడు. ఎన్నేళ్లు ఆగాలన్న నిబంధనా లేదు. నెలాఖరున రిటైరైన మనిషి మర్నాడే నామినేషన్ వేయొచ్చు.

గెలిచినా పింఛను ఆగదు, తగ్గదు. సర్పంచ్ పదవి ఉద్యోగం కాదు, పునర్నియామకం అంతకన్నా కాదు. వచ్చేది గౌరవ వేతనం. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మాత్రం మామూలుగానే ఇవ్వాలి. ఎన్నికల హడావిడిలో అది మరిచిపోతే పింఛను ఆగుతుంది, ఊళ్లో మాత్రం "పోటీ చేసినందుకే ఆపేశారు" అని పుకారు లేస్తుంది.

ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నాను. నామినేషన్ గడువు నెలాఖరులోనే ఉంది. ఎలా?

నామినేషన్ వేసిన రోజు కంటే పరిశీలన రోజు ముఖ్యం. ఆ రోజుకు మీరు ఉద్యోగి అయి ఉండకూడదు. పదవీ విరమణ నెల చివరి రోజు మధ్యాహ్నం తర్వాత అమల్లోకి వస్తుంది, అంటే ఆ రోజు ఉదయం మీరింకా సర్వీసులో ఉన్నట్టే.

తెలంగాణలో 2025 డిసెంబరు ఎన్నికల తేదీలతో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి విడతకు నవంబరు 27 నుంచి 29 దాకా నామినేషన్లు, 30న పరిశీలన. నవంబరు 30న రిటైరయ్యే మనిషి ఊరు మొదటి విడతలో ఉంటే చిక్కే. అదే ఊరు రెండో విడతలో ఉంటే పరిశీలన డిసెంబరు 3న, అప్పటికి ఆయన పూర్తిగా బయటి మనిషి. ఒకే చట్టం, ఒకే ఉద్యోగి, విడత మారితే ఫలితం మారింది. అందుకే మీ మండలం ఏ విడతలో ఉందో ముందు చూడండి.

పరిశీలనకు వెళ్లేటప్పుడు పదవీ విరమణ ఉత్తర్వు, రిలీవింగ్ కాపీ, ఉంటే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) జిరాక్సు జేబులో పెట్టుకోండి. "ఈయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు" అని అభ్యంతరం పెట్టడం ప్రత్యర్థులకు బాగా అలవాటైన పని. కాగితం అక్కడికక్కడే చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకా సర్వీసు మిగిలి ఉంది. రాజీనామా చేసి నిలబడాలా?

పాత పింఛను పథకంలో ఉన్నవాళ్లు రాజీనామా అన్న మాటే రాయొద్దు. రాజీనామాతో గత సర్వీసు మొత్తం పోతుంది, దానితోపాటు పింఛనూ పోతుంది. అర్హత గల సర్వీసు 20 ఏళ్లు నిండితే స్వచ్ఛంద పదవీ విరమణ ఉంది. 1980 పింఛను నియమాల్లో 43వ రూలు ప్రకారం మూడు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పంచాయతీ నోటిఫికేషన్‌కూ పోలింగ్‌కూ మధ్య రెండు వారాలే ఉంటుంది. నోటిఫికేషన్ చూశాక నోటీసు రాస్తే రైలు వెళ్లాక టికెట్ కొన్నట్టే.

దరఖాస్తు ఇస్తే చాలదు, ఆమోదం పొంది రిలీవ్ కావాలి. "అప్లికేషన్ పెట్టాను, పై ఆఫీసులో ఉంది" అనే జవాబును రిటర్నింగ్ అధికారి ఒప్పుకోరు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి సీపీఎస్‌లో (జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం) ఉన్నవాళ్ల లెక్క వేరు. ముందే బయటికొస్తే చేతికొచ్చేదెంత, యాన్యుటీలోకి (నెలనెలా పింఛనిచ్చే బీమా పథకం) వెళ్లేదెంత అని తెలుసుకున్నాకే కాగితం కదపండి. తెలంగాణలో పదవీ విరమణ వయసు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. ఏడాదో రెండేళ్లో మిగిలినవాళ్లు ఐదేళ్ల సర్పంచ్‌గిరీ కోసం ఆ జీతం వదులుకోవడం తెలివైన బేరం అని మేం అనుకోం.

రిటైరయ్యాక కాంట్రాక్టు మీద పని చేస్తున్నాను. గుడి కమిటీలో కూడా ఉన్నాను. ఇబ్బందా?

రిటైరైనవాళ్లు ఎక్కువగా పడిపోయే గుంత ఇది. ఉద్యోగం అయిపోయిందనే ధీమాతో రెండో పనిని మర్చిపోతారు. ఎయిడెడ్ కాలేజీలో పాఠాలు, ప్రభుత్వ పథకంలో కన్సల్టెంట్ పని, జిల్లా ఆఫీసులో తాత్కాలిక కొలువు ఉంటే పరిశీలన తేదీకి ముందే వదిలేసి, వదిలినట్టు కాగితం తీసుకోండి. చట్టం కింద ఏర్పడిన సంస్థల్లో పదవిలో ఉన్నవాళ్లకూ నిషేధం ఉంది. దేవాదాయ శాఖ వేసిన ట్రస్టు బోర్డుకు చైర్మన్‌గా ఉండటం, ఊళ్లోవాళ్లు చందాలేసుకుని నడిపే భజన మందిరం కమిటీలో ఉండటం రెండూ ఒకటి కావు. సందేహం ఉంటే ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) రాతపూర్వకంగా రాసి జవాబు అడగండి.

పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టు ఉన్నా అనర్హతే. రిటైరయ్యాక సరదాగా కొన్న ట్రాక్టరును పంచాయతీ పనికి పెట్టినవాళ్లు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

నా మీద చార్జ్ మెమో పెండింగ్‌లో ఉంది. పోటీ చేస్తే పింఛనుకు ముప్పా?

శాఖాపరమైన విచారణ పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. అవినీతి వల్లనో ప్రభుత్వానికి అవిధేయత వల్లనో ఉద్యోగం నుంచి డిస్మిస్ అయినవాళ్లకు మాత్రం ఐదేళ్ల నిషేధం. శాసనసభకు అనర్హుడైనవాడు పంచాయతీకీ అనర్హుడేనని రాజ్యాంగం 243-ఎఫ్ అధికరణం చెబుతుంది.

పింఛను సంగతి కాస్త జాగ్రత్తగా వినాలి. పింఛను నియమాల్లో 8వ రూలు ప్రకారం రిటైరయ్యాక కూడా సత్ప్రవర్తన పింఛనుకు షరతే. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే ప్రభుత్వం పింఛను ఆపగలదు. సర్పంచ్ అవినీతి నిరోధక చట్టం కింద ప్రజా సేవకుడే. మామూలు సర్పంచ్ ఏసీబీకి చిక్కితే పోయేది పదవీ పరువూ. మీరు చిక్కి శిక్ష పడితే ముప్పై ఏళ్ల సర్వీసు సంపాదించి పెట్టిన పింఛను కూడా వాటితోపాటే పోవచ్చు.

నా ఓటు హైదరాబాద్‌లో ఉంది. ఊళ్లో ఇల్లుంది, పొలముంది. సరిపోదా?

సరిపోదు. ఆ గ్రామ పంచాయతీ ఓటరు జాబితాలో పేరుండటం మొదటి అర్హత. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. దాన్ని వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి ముందు అసెంబ్లీ జాబితాలో మీ పేరు ఊరికి రావాలి. ఓటు మార్చడానికి ఫారం 8 వేయాలి.

ఊళ్లో ఇల్లు ఉంటే చాలు, ఓటు హక్కు వస్తుందనుకోవడం తప్పు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఈ విషయం సూటిగానే చెబుతుంది: ఆస్తి ఉన్నంత మాత్రాన సాధారణ నివాసి కాడు. బూత్ లెవల్ అధికారి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే దరఖాస్తు పోయినట్టే. రిటైరవగానే సామాను దించి, గ్యాసు, ఆధార్ చిరునామాలు ఊరికి మార్చుకుని, ఎన్నికలకు కనీసం ఆరు నెలల ముందు ఫారం 8 వేయండి. పట్నంలో పాత ఓటు అలాగే ఉంచి ఊళ్లో కొత్తగా నమోదు చేయించుకోవడం ఇంకా ప్రమాదం. ఒకరికి ఒకే చోట ఓటు. తప్పుడు డిక్లరేషన్ నేరం.

సైన్యం నుంచి వచ్చినవాళ్లు సర్వీసు ఓటరుగా ఉంటారు. రిటైరయ్యాక సాధారణ ఓటరుగా నమోదు చేయించుకోవాలి, అది దానంతట అది మారదు.

పోటీకి కనీస వయసు 21. పై వయసుకు హద్దు లేదు.

ముగ్గురు పిల్లలున్నారు. అడ్డమా?

ఇప్పుడు కాదు. 1994 చట్టంతో వచ్చిన ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో, తెలంగాణ 2025లో ఎత్తేశాయి.

మా ఊరు మహిళలకు రిజర్వ్ అయింది. మా ఆవిడను నిలబెడితే?

ఆమెకు ఇష్టం ఉంటే నిలబెట్టండి, మీ కోరిక తీరడానికైతే వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు మహిళలవి. రిజర్వేషన్ తేలేది నోటిఫికేషన్‌కు కాస్త ముందే కాబట్టి "సీటు నాదే" అని రెండేళ్ల ముందు నుంచి ఫ్లెక్సీలు కట్టడం డబ్బు దండగ.

భార్య సర్పంచ్ అయితే సమావేశంలో కూర్చునేది ఆమె, సంతకం ఆమెది, జవాబుదారీ ఆమెది. భర్త కుర్చీలో కూర్చుని కార్యదర్శికి డిక్టేషన్ ఇచ్చిన ఫొటో ఒక్కటి చాలు, కలెక్టరుకు ఫిర్యాదు వెళ్తుంది. ఆడిట్‌లో రికవరీ వస్తే నోటీసు కూడా ఆమె పేరు మీదే వస్తుంది. ఆఫీసు వ్యవహారం తెలిసిన భర్త ఆమెకు చేయగల మేలు ఇంటి దగ్గర అంచనాలు, రికార్డులు చదవడం నేర్పించడం.

బీసీ, ఎస్సీ, ఎస్టీ సీటులో నిలబడే మహిళకు కులం పుట్టింటి తరఫునే చూస్తారు, పెళ్లితో మారదు.

మీరింకా సర్వీసులో ఉండి భార్య పోటీ చేస్తుంటే చట్టం ఆమెను ఆపదు. ప్రవర్తనా నియమాలు మిమ్మల్ని ఆపుతాయి. ప్రచారం చేయొద్దు, ఏజెంటుగా కూర్చోవద్దు, వాట్సాప్ గ్రూపులో గుర్తు కూడా పంపొద్దు.

సీటు రాకపోతే ఇంకో దారీ ఉంది. పంచాయతీలో జనాభాను బట్టి 5 నుంచి 21 మంది వార్డు సభ్యులుంటారు. వార్డు సభ్యుడిగా గెలిచి ఉపసర్పంచ్ కావచ్చు. తెలంగాణ 2018 చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ సంతకం పెట్టింది. ఆ పదవిని చిన్నచూపు చూడనక్కర్లేదు.

నామినేషన్‌కు ఏమేం కావాలి?

నామినేషన్ పత్రం, ఓటరు జాబితాలో మీ పేరున్న పేజీ, ప్రతిపాదకుడి సంతకం, డిపాజిట్ రసీదు, నేరచరిత్ర, ఆస్తులు, చదువు వివరాలతో ఇద్దరు సాక్షులు సంతకం చేసిన స్వీయ ప్రకటన, రిజర్వుడ్ సీటైతే కుల ధ్రువపత్రం, పంచాయతీకి బకాయి లేదన్న రసీదులు. కులం విషయంలో సర్వీసు రిజిస్టరు చూపిస్తే ఒప్పుకోరు, తహసీల్దార్ ఇచ్చిన పత్రమే కావాలి. ఎన్నికల ఖర్చు కోసం బ్యాంకులో విడిగా ఖాతా తెరిచి పెట్టుకోండి. పింఛను ఖాతాలోంచి ఖర్చు చేస్తే తర్వాత ఏది మందుల బిల్లో, ఏది మైకు బిల్లో విడదీయలేక చస్తారు.

డిపాజిట్ తెలంగాణలో సర్పంచ్‌కు 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు 1,000. వార్డు సభ్యుడికి 500, 250. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలప్పుడు సర్పంచ్‌కు 3,000, 1,500.

నామినేషన్లు మూడు రోజులే తీసుకుంటారు. కొన్ని పంచాయతీలను కలిపి ఒక క్లస్టర్ చేసి, అక్కడి రిటర్నింగ్ అధికారి పత్రాలు తీసుకుంటారు. మూడో రోజు మంచి ముహూర్తం అని ఊళ్లకు ఊళ్లు లైను కడతాయి. మొదటి రోజు ఒక సెట్టు వేసేయండి. ముహూర్తం కావాలనుకుంటే రెండో సెట్టు దానికి ఉంచుకోండి, ఆ సెట్టుకు వేరే ప్రతిపాదకుడిని పెట్టుకుంటే ఇంకా మేలు.

ఆఫీసు పని తెలిసినవాళ్ల నామినేషన్లు కూడా ఎందుకు తిరస్కరణకు గురవుతాయి?

తెలుసన్న ధీమా వల్లే. ముప్పై ఏళ్లు ఇతరుల దరఖాస్తుల్లో తప్పులు పట్టిన మనిషి తన దరఖాస్తును ఇంకొకరికి చూపించడు. ఎక్కువగా జరిగేవి ఇవి: స్వీయ ప్రకటనలో కేసులు లేవని "లేదు" రాయకుండా గడి ఖాళీగా వదిలేయడం; ప్రతిపాదకుడు పక్క పంచాయతీ ఓటరు కావడం; వార్డు సభ్యుడి నామినేషన్‌కు ఆ వార్డు ఓటరు కాకుండా పక్క వార్డు మనిషి సంతకం చేయడం; ఓటరు జాబితాలో ఒక ఇంటిపేరు, కుల పత్రంలో ఇంకో రకంగా ఉండటం. అక్షర దోషాలకు తిరస్కరించరు, కానీ మనిషే వేరేమో అన్నంత తేడా ఉంటే గొడవ మొదలవుతుంది.

పన్ను బకాయి సంగతి కూడా చూడండి. నోటీసు ఇచ్చి గడువు దాటినా కట్టని బకాయి అనర్హత తెస్తుంది. రిటైరైనవాళ్ల ఇళ్లు చాలా ఏళ్లు అద్దెకో, తాళంతోనో ఉంటాయి. ఇంటి పన్ను, నల్లా బిల్లు ఎన్నేళ్లుగా పేరుకున్నాయో వాళ్లకే తెలియదు. నామినేషన్‌కు నెల ముందే కట్టేసి రసీదు తీసుకోండి, నాన్నగారి పేరు మీద ఉన్న ఇంటికి కూడా.

ఉద్యోగులకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. సర్వీసులో ఉన్నప్పుడు ఏటా ఆస్తుల వివరాలు శాఖకు ఇచ్చి ఉంటారు. స్వీయ ప్రకటనలో అప్పుడు చూపని ప్లాటు హఠాత్తుగా మొలిస్తే ప్రత్యర్థి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పాంప్లెట్ వేస్తాడు. పాత రిటర్నుల కాపీ ముందు పెట్టుకుని రాయండి.

తిరస్కరించినా దారి మూసుకుపోదు. మర్నాడే ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆ తర్వాతి రోజు తీర్పు వస్తుంది. ఒక్క రోజే టైం. తిరస్కరణ కారణం రాసిన ఉత్తర్వు కాపీ అక్కడే అడిగి తీసుకోండి.

పార్టీ మద్దతు లేకుండా నిలబడొచ్చా? గుర్తు ఎలా వస్తుంది?

సర్పంచ్, వార్డు ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలే పార్టీవి. పార్టీలు మద్దతు ఇస్తాయి, కండువాలు తిరుగుతాయి, బ్యాలెట్ మీద మాత్రం కనిపించవు. ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తులను ఉపసంహరణ గడువు ముగిశాక అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షరక్రమంలో వరుసగా ఇస్తారు. ఉంగరమో, కత్తెరో, టీవీ రిమోటో, లేడీ పర్సో ఏది వస్తే అదే, కోరుకోవడం కుదరదు.

తెలంగాణ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుండదు, గుర్తే ఉంటుంది. సర్పంచ్‌ది గులాబీ కాగితం, వార్డు సభ్యుడిది తెల్లది. దీని అర్థం రిటైరైనవాళ్లు సరిగా గ్రహించరు. ముప్పై ఏళ్లుగా మీ పేరు వెనక కట్టుకున్న "సార్" అనే మాటకు ఆ కాగితం మీద చోటు లేదు. గుర్తు వచ్చాక పోలింగ్‌కు వారం రోజులుంటుంది. ఆ వారంలో ప్రతి ఇంటికీ మీ గుర్తు చేరాలి. గుర్తు రాకముందే వేలకు వేల పాంప్లెట్లు వేయిస్తే అవి చిత్తు కాగితాలే.

ఉద్యోగంలో సంపాదించిన పేరు ఓట్లుగా మారుతుందా?

కొంతవరకే, అది కూడా ఎక్కడ పనిచేశారన్నదాన్ని బట్టి. బదిలీల మీద ఉమ్మడి జిల్లా అంతా తిరిగిన టీచరుకు శిష్యులు ఉమ్మడి జిల్లా అంతా ఉంటారు, సొంత ఊళ్లో మాత్రం పాతిక మంది ఉంటారు. ఆ శిష్యులెవరికీ ఇక్కడ ఓటు లేదు. సొంత మండలంలోనే పనిచేసిన రెవెన్యూ, పోలీసు ఉద్యోగులకు దీనికి తలకిందులైన కష్టం: ఊరందరికీ తెలుసు, ఎవరి పాసు పుస్తకం ఆగిందో, ఎవరి మీద కేసు కట్టారో కూడా ఊరందరికీ గుర్తే. తెలంగాణలో 2020లో వీఆర్‌ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ పోయింది కానీ వీఆర్‌ఓ మీద కోపం పోలేదు.

పోటీకి ముందు ఒక పని చేయండి. ఓటరు జాబితా ప్రింటు తీసుకుని వార్డువారీగా కూర్చోండి. పేరు చూసి ముఖం గుర్తొచ్చేవాళ్లకు ఒక గీత, మీ ఇంటికొచ్చి మాట్లాడేవాళ్లకు రెండు గీతలు పెట్టండి. మొత్తం ఓటర్లలో మూడో వంతుకు కనీసం ఒక గీతైనా రాకపోతే ఈ ఎన్నికకు మీరింకా తయారు కాలేదు. రెండేళ్లు ఊళ్లో ఉండి పింఛను దరఖాస్తులు రాసిపెట్టండి, మంచీ చెడుకూ వెళ్లండి.

మాట తీరు కూడా మార్చుకోవాలి. "పరిశీలిస్తాం", "నిబంధనల మేరకు చూద్దాం" అనే ఆఫీసు మాటలు అరుగు మీద పనికిరావు. అవుతుందంటే అవుతుందనండి, కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

ఎంత ఖర్చు చేయొచ్చు? గ్రాట్యుటీ డబ్బు పెట్టొచ్చా?

తెలంగాణలో 5,000 దాటిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి పరిమితి 2,50,000 రూపాయలు, అంతకు తక్కువైతే 1,50,000. వార్డు సభ్యులకు 50,000, 30,000. రెండు వేల ఓటర్లున్న ఊళ్లో లక్షన్నర అంటే ఓటుకు 75 రూపాయలు. కరపత్రాలు, మైకు ఆటో, టీలు, ఏజెంట్ల భోజనాలకు ఇది ధారాళంగా సరిపోతుంది. మందుకూ నోట్లకూ సరిపోదు, అవి పరిమితి లోపలైనా నేరమే.

గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పింఛనులో కొంత భాగానికి ముందే ఒకేసారి తీసుకున్న మొత్తం) డబ్బు జోలికి పోవద్దన్నది మా గట్టి మాట. రిటైరైన మనిషి చేతిలో ఒక్కసారిగా డబ్బు పడిందని ఊరికి తెలుసు. మిమ్మల్ని నిలబెట్టాలని ఉబలాటపడేవాళ్లలో కొందరు చూసేది ఆ డబ్బునే. తెలంగాణ సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు, అంటే ఐదేళ్లకు 3,90,000. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 3,000. పది లక్షలు పెట్టి గెలిచినవాడు మిగతాది ఎక్కడ రాబడతాడో ఊరికి తెలుసు, ఏసీబీకీ తెలుసు.

ఖర్చు లెక్కలు ఇవ్వకపోతే?

ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఎంపీడీఓకు లెక్క ఇవ్వాలి. గెలిచినా, ఓడినా, పది ఓట్లే వచ్చినా ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత, గెలిచినవాళ్లకైతే పదవికే ఎసరు. రోజువారీ రిజిస్టరు, ఓచర్లు జతచేసి, అందినట్టు సంతకం, స్టాంపు ఉన్న కాపీ దాచుకోండి. పాంప్లెట్ మీద ప్రింటరు పేరు, ప్రతుల సంఖ్య లేకపోతే ఆ బిల్లు మీదే ప్రశ్న వస్తుంది.

ఊరంతా ఏకగ్రీవం అంటున్నారు, గుడికి ఇంత ఇవ్వమంటున్నారు.

పోటీదారులు తమంతట తాము తప్పుకుంటే ఏకగ్రీవం. సీటుకు వేలం పాట పెట్టి, పాడినవాడికి మిగతావాళ్లు దారిస్తే అది లంచం, గుడికిచ్చినా బడికిచ్చినా లంచమే. ఎన్నికల సంఘం విచారణకు ఆదేశిస్తుంది. పింఛనుదారుకు క్రిమినల్ కేసు ఎంత ఖరీదో పైన చెప్పాం.

పోలింగ్ రోజు సంగతులు?

తెలంగాణలో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా పోలింగ్, 2 గంటలకు లెక్కింపు మొదలు, వార్డుల తర్వాత సర్పంచ్ ఫలితం, ఆ వెంటనే ఉపసర్పంచ్ ఎన్నిక. ప్రచారం పోలింగ్‌కు రెండు రోజుల ముందు సాయంత్రం 5 గంటలకు ఆగిపోవాలి. మీరు ఉద్యోగంలో ప్రిసైడింగ్ అధికారిగా ఎన్ని ఎన్నికలు చేసి ఉన్నా, ఆ రోజు బూత్‌లో సలహాలివ్వద్దు. చెల్లని ఓటు మీద అభ్యంతరం ఉంటే కౌంటింగ్ ఏజెంటు చేత అప్పుడే చెప్పించండి. కట్టలు కట్టాక వాదించినా వినరు.

గెలిచాక కార్యదర్శితో ఎలా ఉండాలి?

ఆయన మీ సబార్డినేట్ కాడు. జీతం, బదిలీ, క్రమశిక్షణ మీ చేతిలో ఉండవు. ఎంపీఓ (మండల పంచాయతీ అధికారి), డీపీఓ (జిల్లా పంచాయతీ అధికారి), కలెక్టరుల దగ్గర ఉంటాయి. పాత హోదా గుర్తొచ్చి మెమో ఇస్తానని బెదిరిస్తే ఏ పనీ కదలదు. మీకు ఆయన కంటే ఎక్కువ తెలిసిన సంగతి ఒకటుంది, రికార్డు చదవడం. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్, స్టాకు రిజిస్టరు, పన్ను డిమాండు రిజిస్టరు మొదటి వారంలోనే చూడండి. పాత బకాయిలు, పాత పాలకవర్గం వదిలిన అప్పులు మొదటి సమావేశం మినిట్స్‌లో రాయించండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి అవి మీ ఖాతాలో తేలతాయి.

చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి కాబట్టి ఉపసర్పంచ్ ఎవరన్నది మీకు ప్రాణావసరం. సరిపడని మనిషి ఆ సీటులో కూర్చుంటే పారిశుధ్య కార్మికుల జీతాల చెక్కు కూడా నెలలు ఆగుతుంది.

సొంత డబ్బుతో పని చేయించి తర్వాత బిల్లు పెట్టుకోవచ్చా?

వద్దు. ఈ జవాబు తెలంగాణలో 2019లో గెలిచి 2024 ఫిబ్రవరిలో దిగిపోయిన సర్పంచ్‌లను అడిగినా ఇదే వస్తుంది. పెండింగ్ బిల్లుల కోసం వాళ్లు రోడ్డెక్కడం అందరూ చూశారు.

డబ్బు వచ్చే దారి ఇది: తీర్మానం, ఏఈ అంచనా, మంజూరు, పని, ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు, చెక్కు, ఎస్టీఓలో (సబ్ ట్రెజరీ) టోకెన్, ఆపైన ఖజానా కరుణ. టోకెన్ పడ్డంత మాత్రాన డబ్బు పడినట్టు కాదు. సర్వీసులో జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) బిల్లు కోసం ఎదురుచూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తేడా ఏంటంటే ఇక్కడ సిమెంటు కొట్టు వాడు మీ గడప తొక్కుతాడు.

కేంద్ర ఆర్థిక సంఘం నిధుల దారి వేరు. అవి ఈ-గ్రామ స్వరాజ్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా పని చేసినవాడి ఖాతాకే వెళ్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసింది. 40 శాతమే పాలకవర్గం ఇష్టం. ఎన్నికైన పాలకవర్గం లేని కాలానికి ఆ నిధులు ఆగిపోయాయి. చేతిలో నిజంగా స్వేచ్ఛగా ఉండేది ఇంటి పన్ను వసూలు. ఓట్లేసిన ఊరు దగ్గర పన్ను అడగలేని సర్పంచ్ నిధులు లేవని ఏడవడంలో అర్థం లేదు.

పదవి ఎలా పోతుంది?

సర్పంచ్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి వార్డు సభ్యులు అవిశ్వాసంతో దించలేరు. కలెక్టరు సస్పెండ్ చేయగలడు, తొలగించగలడు. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ, నెలకోసారి పంచాయతీ సమావేశం పెట్టమంది, పెట్టకపోతే చర్యలున్నాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పోవాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలుండే అలవాటున్న పింఛనుదారులు ఈ పదవికి సరిపోరు. రెండు నెలల గ్రామసభ ఆన్‌లైన్‌లో జరగదు.

ఓడిపోతే డిపాజిట్ వస్తుందా?

చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే తిరిగి ఇస్తారు. 1,200 ఓట్లు చెల్లితే 200 దాటాలి. డిపాజిట్ రసీదు అసలు కాపీ జాగ్రత్త. 45 రోజుల ఖర్చు లెక్క ఓడినవాళ్లకూ ఉంది. ఓడిన మర్నాడు ఎంపీడీఓ ఆఫీసు మెట్లెక్కడానికి మొహం చెల్లక ఆగిపోయి, వచ్చేసారి ఆ కారణంతోనే నామినేషన్ పోగొట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు.